తెల్లవారితే గురువారం

మా పెళ్లి ఏ రోజు జరిగిందన్న విషయంలో నాకూ మా ఆయనకూ ఏనాడూ పొత్తు కుదరలేదు. ఆయన బుధవారం అంటాడు, నేను గురువారం అంటాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఎప్పుడో పడింది. శుభలేఖ మీద "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని అచ్చు వేయించారు. ఆయన వాళ్లది కృష్ణా జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం. పొద్దు పొడిస్తేనే వారం మారినట్టు వాళ్లకు. మేమేమో ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన బోయిగూడ వాళ్లం. మా ఇళ్లలో పెళ్లంటే పట్టపగలు, చుట్టాలంతా కళ్లు తెరిచి ఉండగా జరుగుతుంది. "గిదేం పెండ్లే, దొంగలు పడే యాళ్లకు?" అని మా అమ్మ ఆ రాత్రంతా గొణుగుతూనే ఉంది.

పైగా నాది రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో ఉద్యోగం. పన్నెండు దాటగానే బయలుదేరే బళ్లకు జనం తేదీ తప్పు చూసుకుని, ఒక రోజు ఆలస్యంగా వచ్చి నా మీద అరుస్తుంటారు. రాత్రి పన్నెండు దాటితే తారీఖు మారుతుందని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. అలాంటిదాన్ని పట్టుకుని బుధవారం అంటే ఎలా ఒప్పుకుంటాను? రిజిస్టర్ చేయించేటప్పుడు సంతకానికి ఆయనా వచ్చాడు గానీ, దరఖాస్తు మా నాన్న పక్కన కూర్చుని నేనే నింపి గురువారం తేదీ వేయించాను. ఆయన ఏటా బుధవారం తేదీన మల్లెపూలూ కలాకండ్ తెచ్చేవాడు. "అడ్వాన్సా?" అని తీసుకునేదాన్ని. మర్నాడు నేను బగారన్నం వండితే, "నిన్నటి పెళ్లికి ఇవాళ భోజనమా?" అని రెండుసార్లు వడ్డించుకునేవాడు. మా కాపురం అలా గడిచింది. మాకు పిల్లలు లేరు. పోట్లాడుకోవడానికి తీరిక దండిగా ఉండేది.

నిజానికి ఆ పెళ్లి రాత్రి నాకు సగమే గుర్తుంది. నిద్రకు ఆగలేని మనిషిని నేను. హోమం పొగ, సన్నాయి, ఎవరిదో నవ్వు, మళ్లీ పొగ. మా ఇద్దరి మధ్య పట్టుకున్న తెర ఫ్యాను గాలికి ఊగుతుంటే నా కళ్లు వాటంతట అవే మూతలు పడ్డాయి. నెత్తి మీద జీలకర్ర బెల్లం చల్లగా తగలగానే ఉలిక్కిపడి చూశాను. అప్పుడే తెర దించారు. ఎదురుగా ఆయన. అంతకుముందు రెండేళ్లుగా మా కౌంటర్ హాల్లో ఏసీ బాగుచేయడానికి వచ్చే మనిషే, ఎన్నోసార్లు చూసిన ముఖమే. అయినా నేను కంటున్న కలలోకి ఎవరో నడిచి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. తాళి ఎప్పుడు కట్టాడో, తలంబ్రాలు ఎన్ని పోశానో అడగవద్దు. ఆ ఒక్క చూపు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

తర్వాత ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. న్యూజిలాండులో ఒక పాల ఫ్యాక్టరీకి శీతల యంత్రాలు చూసుకునే మెకానిక్కులు కావాలంటే వెళ్లాడు. ఆ పర్మిట్ కొన్నేళ్లకే. దాన్ని నమ్ముకుని పర్మనెంటు ఉద్యోగమూ, నాన్న పోయాక ఒంటరిగా ఉంటున్న అమ్మనూ వదిలి వెళ్లడం తెలివి తక్కువ అని ఇద్దరం అనుకున్నాం. మధ్యలో ఆయన ఒకసారి రావలసింది. ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగిస్తున్నారని ఆ సెలవు కాస్తా పోయింది. చూస్తుండగానే రెండేళ్లు దాటాయి.

అక్కడ పొద్దు మనకంటే చాలా ముందు పొడుస్తుంది. నేను డ్యూటీ దిగి కాప్రాలో ఇల్లు చేరి టీ పెట్టుకునే వేళకు ఆయనకు రాత్రి షిఫ్టు నడుస్తుండేది, తారీఖు మారిపోయి ఉండేది. "నేను రేపట్లో ఉన్నాను. రేపు బాగానే ఉంది, నువ్వు ధైర్యంగా రావచ్చు" అని ఫోనులో నవ్వేవాడు. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని, ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ తోచేది కాదు. కిటికీలోంచి కాప్రా చెరువు వైపు చీకటి పడుతుంటే, ఈ చీకటిని ఆయన ఎప్పుడో దాటేశాడు కదా అనుకునేదాన్ని. నేను నడుస్తున్న రోజులో ఆయన అప్పటికే నడిచి వెళ్లిపోయాడు. ఎంత గబగబా నడిచినా ఆయన వీపు కూడా కనపడదు.

ఫోనులో ముఖం, మెడ, వెనక తెల్లటి గోడ. అంతవరకే మా ఆయన. కొన్నాళ్లకు ఆయన పక్కన నిలబడితే నేను ఎక్కడిదాకా వస్తానో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. భుజం దాకానా, చెవి దాకానా? అలమారలో ఆయన చొక్కా తీసి తలుపుకు తగిలించి పక్కన నిలబడి చూశాను. ఖాళీ చొక్కా ఎటు పెడితే అటు జారింది. ఆ రోజు నాకు భయం వేసింది. మనిషి మెల్లమెల్లగా ఒట్టి గొంతుగా మిగిలిపోతాడేమోనని భయం. ఒకసారైనా వెళ్లి చూసి రావాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

సెలవు కోసం పెద్దసారు చుట్టూ తిరిగి ఒక నెల మంజూరు చేయించుకున్నాను. విదేశానికి వెళ్లడానికి ఆఫీసు అనుమతి కూడా ఆ నెలకే ఇచ్చారు. వీసా ఆ నెల మొదలయ్యేలోపు రాకపోతే మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆ ఊసే లేదు. ప్యాట్నీలో వీసా కాగితాలు సిద్ధం చేసే ఆఫీసు నడిపే ఒకావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా పెళ్లి ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"మేడమ్, అన్ని ఫోటోలల్ల మీరు పండుకునే ఉన్నరు కదా. జెర కండ్లు తెరిచింది ఒక్కటన్న లేదా?"

"తలంబ్రాల ఫోటో చూడుండ్రి. ఒక కన్ను తెరిచే ఉన్న" అన్నాను.

ఆవిడ నవ్వి, కాగితాలు రెండు కుప్పలు చేసింది. "కిడ్స్ లేరు, ట్రావెల్ హిస్టరీ నిల్. పోయినామె మళ్ల రాదని డౌట్ పడతరు. జాబ్ లెటర్ స్ట్రాంగ్‌గ పెట్టాలె. అమ్మ గురించి సుత రాద్దాం."

"మొగుణ్ణి చూడనీకి పోతున్న గాని, ఆడ దాక్కోనీకి కాదు."

"గదే మేడమ్, గది ప్రూఫ్ చెయ్యాలె" అంది ఆవిడ, పంచింగ్ మిషను నొక్కుతూ. నాకు ఒళ్లు మండింది. ఆయనంటే నాకు ప్రాణమని ఒక ఫైలు, ఆయన్ని వదిలి టంచనుగా వచ్చేస్తానని ఇంకో ఫైలు. రెండూ కలిపి ఒకే క్లిప్పు పెట్టి, స్కాన్ చేసి పంపించింది. రెండూ నిజమే కావడం నాకు ఇంకా చిరాకు తెప్పించింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. వానలు మొదలయ్యాయి. కౌంటర్ అద్దం అవతల ఎవరెవరో విజయవాడ, తిరుపతి, షిరిడీ అంటుంటే నా వేళ్లు వాటి పని అవి చేసేవి, నేను అక్కడ ఉండేదాన్ని కాదు. ఆయన ఫోనులో చూపించిన పచ్చటి గుట్టలు, గుట్టల మీద కదలని మబ్బుల్లా గొర్రెలు, వాటి మధ్య ఒక సన్నటి రోడ్డు. ఆ రోడ్డు మీద ఆయన సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళుతుంటే వెనక క్యారియర్ మీద నేను. అంతలో ఎవరో "మేడమ్, లోయర్ బెర్త్" అని అద్దం తట్టేవారు.

ఒకరోజు వీసా ఆఫీసు నుంచి మెయిలు వచ్చింది. మీరు రాసిన పెళ్లి తేదీ, మీ భర్త అక్కడి నుంచి పంపిన హామీ కాగితంలో రాసిన పెళ్లి తేదీ వేరువేరుగా ఉన్నాయి, ఇద్దరితో విడివిడిగా ఫోనులో మాట్లాడతాం, సిద్ధంగా ఉండండి అని అందులో ఉంది. నేను సర్టిఫికెట్ చూసి గురువారం తేదీ రాశాను. ఆయన శుభలేఖ చూసి బుధవారం తేదీ రాశాడు. ఒకరినొకరం అడగలేదు. అడగవలసిన విషయమని కూడా మాకు తోచలేదు.

ఆ సాయంత్రం ఆయనకు ఫోను చేశాను. "వాళ్లు అడిగితే గురువారం అని చెప్పు" అన్నాను.

"శుభలేఖలో ఉన్నదే రాశాను. మా నాన్న దగ్గరుండి అచ్చు వేయించిన కార్డు అది" అన్నాడు.

"సర్కారు కాగితం మీద గురువారం ఉన్నది."

"తాళి కట్టింది సర్కారా, నేనా?"

"నీతోని మాట్లాడుడే నాది తప్పు" అని పెట్టేశాను. వెంటనే మళ్లీ చేస్తాడనుకున్నాను. చేయలేదు. మర్నాడూ చేయలేదు. నేనూ చేయలేదు. అమ్మకు చెబితే, "ఒక్కలన్న తగ్గుండ్రి బిడ్డా. నీకు ఏది గావాలె, మొగడా, తారీఖా?" అంది. చెప్పులు వేసుకుని బోయిగూడ నుంచి బస్సెక్కి వచ్చేశాను.

ఆ తెల్లవారుజామున ఒక కల వచ్చింది. చెరువు నీళ్ల మీద రైలు వెళుతోంది, చప్పుడు లేదు. నేను కౌంటర్లో కూర్చుని ఉన్నాను, లైనులో అందరికంటే వెనక ఆయన. లైను ఎంత కదిలినా ఆయన ముందుకు రావడం లేదు. చివరకు అద్దం దగ్గరకు వచ్చి, "ఏ తేదీకి ఉంటే ఆ తేదీకే ఇవ్వండి" అన్నాడు, నన్నెరగనట్టు. మెలకువ వచ్చేసరికి దిండు తడిగా ఉంది.

కిటికీలో వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు. ఆ మసక వెలుతురులో, ఎన్నేళ్లుగానో గుర్తురానిది ఒకటి గుర్తొచ్చింది. పెళ్లయ్యాక, తిరుమలగిరిలో మా పెళ్లి జరిగిన ఫంక్షన్ హాలు మెట్ల మీద మేమిద్దరం కూర్చున్నాం. చుట్టాలు కుర్చీల్లోనే నిద్రపోతున్నారు. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. ఎదురుగా మిలిటరీ వాళ్ల స్థలంలోని చెట్ల వెనక ఆకాశం ఎర్రబడుతుంటే ఆయన, "అదిగో, ఇప్పుడొచ్చింది గురువారం" అన్నాడు. నేను ఊఁ అని ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయాను. అంటే, అప్పటిదాకా నడిచింది బుధవారమేనని ఆ తెల్లవారుజామున నేనే ఊఁ కొట్టాను. ఇన్నేళ్ల పోట్లాట ఆ మర్నాటి నుంచి కదా మొదలైంది. సరే, బుధవారమే కానీ. ఆయన దగ్గరికి చేర్చేది ఏ వారమైతే నాకేం?

ఆ మధ్యాహ్నమే వీసా వాళ్ల ఫోను వచ్చింది. భోజనాల వేళ, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద డబ్బా విప్పుకుని ఉన్నాను. ఆడగొంతు, నెమ్మదిగా, ఒక్కో ఇంగ్లీషు మాటా విడదీసి మాట్లాడుతోంది. మీరు ఎలా కలిశారు అంటే ఏసీ సంగతి చెప్పాను. ఆయనకు ఏమిష్టం అంటే గోంగూర అన్నాను, ఎంతకీ అర్థం కాకపోతే పుల్లటి ఆకు అన్నాను. చివరకు పెళ్లి తేదీ అడిగింది. బుధవారం తేదీ చెప్పాను.

"మీ సర్టిఫికెట్‌లో మర్నాటి తేదీ ఉంది."

"సర్టిఫికెట్ తప్పు" అన్నాను. సర్కారు కొలువులో ఉన్న నేను, సర్కారు కాగితాన్ని పట్టుకుని.

అటువైపు కీబోర్డు టకటకలాడింది. ఆ తర్వాత ఆమె, "ఇందాకే మీ భర్తతో మాట్లాడాను. ఆయన గురువారం అన్నారు. శుభలేఖే తప్పు అన్నారు" అంది.

వాళ్ల నాన్న దగ్గరుండి అచ్చు వేయించిన కార్డును ఆయన తప్పు అన్నాడు. ఎదురుగా ఏదో బండి వచ్చి ఆగింది, జనం దిగుతున్నారు, నా డబ్బాలో అన్నం మీద నీళ్ల చుక్కలు పడుతున్నాయి. అవి వాన చుక్కలు కాదు.

"లైనులో ఉన్నారా?" అని అడిగింది ఆమె.

ఉన్నానని, ఉన్నదంతా చెప్పాను. ఆ రాత్రి గురించి, తెల్లవారితే గురువారం అన్న మాట గురించి. "ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గురువారం అనలేదు. నేనెప్పుడూ బుధవారం అనలేదు" అన్నాను.

"మరి ఇవాళ ఎందుకు మార్చి చెప్పారు?"

సెలవు, ఆఫీసు అనుమతి, అమ్మ ఒంటరితనం, ఇవన్నీ ఇంగ్లీషులో వరసగా బట్టీ పట్టి ఉంచుకున్నాను. ఒక్కటీ రాలేదు. "నాకు ఆయన్ని చూడాలని ఉంది" అన్నాను. ఆమె థాంక్యూ అంది. ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు.

ఆ రోజు కూడా ఆయన ఫోను చేయలేదు. నేనూ చేయలేకపోయాను. చేస్తే ఏమనాలో తెలియలేదు. మరికొన్ని రోజులకు ప్యాట్నీ ఆవిడ నుంచి ఫోను. "మేడమ్, వచ్చేసింది! వీసా వచ్చేసింది!" అని అరిచింది. ఆ చెవి నుంచి ఈ చెవికి ఫోను మార్చుకున్నాను. వెంటనే ఆయనకు చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"బుధవారమే" అన్నాను.

"కాదు, గురువారం" అన్నాడు.

"నేను చెప్తున్న కదా, బుధవారమే. నువ్వు అన్నదే కరెక్టు."

"ఊరుకోవే, పన్నెండు దాటితే తారీఖు మారదా? రైల్వేలో ఉండి అదేం మాట?" అన్నాడు. నేను గట్టిగా బుధవారం అన్నాను, ఆయన ఇంకా గట్టిగా గురువారం అన్నాడు. చాలాసేపు అలాగే పోట్లాడుకున్నాం. వీసా వచ్చిందని చెప్పడమే మర్చిపోయాను. చివరకు ఆయనే, చిన్నగా, అడగడానికి భయపడుతున్నట్టు అడిగాడు.

"వస్తున్నావా?"

"వస్తున్న" అన్నాను.