ఆకుపచ్చ కారు హారన్

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. పెళ్ళికి ముందు గుంటూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే ప్రశ్నలు వేసి విసిగించేదాన్ని. ఇది విన్నాక మీరూ నన్ను ప్రశ్నలు అడుగుతారు. అడగండి. నన్ను నేనే చాలాసార్లు అడిగి చూసుకున్నాను.

2009లో మేం అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి అన్విత సెకండ్ గ్రేడ్. స్కూల్‌వాళ్ళు పిల్లల్ని పాత వాహనాల మ్యూజియానికి తీసుకెళ్తూ, తోడు రాగల పేరెంట్స్ ఎవరని అడిగారు. నాకు వర్క్ పర్మిట్ లేదు, ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి వస్తానన్నాను. నలుగురు పిల్లల్ని నాకు అప్పగించారు. వాళ్ళలో మా పై ఫ్లాట్ మాధవి కూతురు సంజన ఒకతి.

పొద్దున స్కూల్ దగ్గర మాధవి ఆఫీస్‌కి పరుగెడుతూ, "అక్కా, ఇది చెప్పిన మాట వినదు. కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది.

"నువ్వు టెన్షన్ పడకుండా వెళ్ళు" అన్నాను.

మ్యూజియం అంటే గోడౌన్ లాంటి పెద్ద షెడ్. ఫైరింజన్లు, గుర్రబ్బండ్లు, పాల వ్యాన్లు, ఆ వెనక వరసగా పాత కార్లు. దేన్నీ ముట్టుకోకుండా చుట్టూ తాళ్ళు కట్టారు. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన వెంట ఉండి అన్నీ చూపించాడు. పిల్లలు ఒక్కచోట నిలబడితేగా! ఫైరింజన్ గంట దగ్గర ఒకటే గోల.

లంచ్‌కి బయట బల్లల దగ్గర కూర్చోబెట్టాక చూస్తే సంజన లేదు.

బాత్‌రూమ్‌లు చూశాం, బస్సు ఎక్కి చూశాం. పార్కింగ్ లాట్ దాటితే హైవే. టీచర్ అటు పరుగెత్తింది. మాధవికి ఫోన్ చేద్దామని సెల్ తీశాను గానీ, ఇంకోసారి వెతికి చూశాక చేద్దామని మళ్ళీ బ్యాగ్‌లో పెట్టేశాను.

అప్పుడు అన్విత నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, తను హైడ్ అండ్ సీక్ ఆడదాం అంది. నేను నో చెప్పా" అంది.

అన్వితని మిగతా పిల్లల దగ్గర వదిలి, టీచర్‌ని కేకేసి, ఇద్దరం మళ్ళీ షెడ్‌లోకి వెళ్ళాం. పెద్దాయన లోపల వెతుకుతూనే ఉన్నాడు. మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. ఎంత పిలిచినా పలుకు లేదు.

అప్పుడు హారన్ మోగింది. పాత కార్లకి ఉండే బొంగురు హారన్. ఒకసారి దీర్ఘంగా మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ముగ్గురం ఒకేసారి అటు తిరిగాం. చివర్న ఉన్న ముదురు ఆకుపచ్చ కారు.

పరుగెత్తి చూస్తే లోపల ఎవరూ లేరు. తలుపులకి తాళాలు వేసే ఉన్నాయి. నేను వంగి కారు కింద చూస్తుంటే పెద్దాయన ఉలిక్కిపడి, "దీని డిక్కీ ఎప్పుడూ తెరిచే ఉంచుతాం. ఎవరు మూశారు?" అన్నాడు.

డిక్కీ తెరిచాం. చూపించడానికి పెట్టిన పాత తోలు పెట్టె పక్కన సంజన ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళంతా చెమట, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎత్తుకుని బయటికి తెచ్చి మొహం కడిగాను. పిల్ల ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. ఏడుపు వింటే అంత సంతోషం వేస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

"ఆంటీ, అది క్లోజ్ అయిపోయింది. నేను చాలా అరిచాను, ఎవరూ రాలేదు" అంది వెక్కుతూ.

"హారన్ కొట్టావుగా తల్లీ, అందుకే వచ్చాం."

"ఏ హారన్?"

తనకి ఏ చప్పుడూ వినపడలేదట. అయినా డిక్కీలో ఉన్న పిల్లకి హారన్ ఎలా అందుతుంది?

అంబులెన్స్‌వాళ్ళు వచ్చి పరీక్ష చేసి, భయం లేదన్నారు. ఆ తర్వాత పెద్దాయన మమ్మల్ని పిలిచి కారు బానెట్ ఎత్తాడు. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. హారన్ వైరు తెగి వేలాడుతోంది. "ఈ బండిని ఇక్కడికి తోసుకుంటూ తెచ్చాం. ఇది మోగగా నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

రోడ్డు మీద పోయే ట్రక్కు హారనేమో అనుకుందామంటే, ముగ్గురం ఆ ఒక్క కారు వైపే ఎందుకు తిరిగాం?

సాయంత్రం మాధవి విషయం విని కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీదే కూలబడింది. ఒక్క మాట అనలేదు నన్ను. "మీరుండబట్టి దక్కింది అక్కా" అంది.

"నా వల్ల కాదు మాధవీ" అని హారన్ సంగతి చెప్పాను. నమ్మిందో లేదో గానీ, శనివారం తనే కార్ తీసింది. సంజనని తీసుకుని ముగ్గురం మ్యూజియానికి వెళ్ళాం.

ఆకుపచ్చ కారు ముందు మాధవి కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. సంజన నన్ను గిల్లి, "ఆంటీ, మమ్మీ ఎవరికి థాంక్స్ చెప్తోంది?" అని గుసగుసగా అడిగింది.

నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అయినా ఆ తాడు దగ్గర నిలబడి, పిల్ల చేతులు దగ్గరికి చేర్చి, నేనూ దండం పెట్టాను.