వంగిన జెండాల వరస

మార్చి చివరి వారం. మధ్యాహ్నం రెండుంపావుకు పోస్టు చేరాను. ఎత్తు పదకొండు వేల అడుగులు. చలి మైనస్ నాలుగు. గాలి లేదు. వీపున ఇరవై రెండు కిలోల సంచి, భుజాన రైఫిల్, చేతిలో స్కీల జత. పోస్టు పేరు రాయను, రాయకూడదు. ఉత్తర సరిహద్దు అని మాత్రం చెప్పగలను.

మా పుత్తూరులో మంచు అంటే సోడా కొట్టు ముందు రంపపు పొట్టులో కప్పి ఉంచే దిమ్మ. ఇక్కడ అది నేల. దాని మీద నడిచాను, దాని లోపల పడుకున్నాను, దాన్నే కరిగించి తాగాను. మొదటిరోజు నన్ను కలవరపెట్టింది చలి కాదు, చప్పుడు లేకపోవడం. ఇరవై అడుగుల దూరంలో నడిచే మనిషి బూట్లు కూడా వినిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తేగాని అతడున్నాడని తెలియదు.

మాది దక్షిణాది పటాలం. స్కీ జట్టులో మేము నలుగురం. హవల్దార్‌ది వడమాలపేట. రేడియో ఆపరేటర్‌ది సత్యవేడు. నర్సింగ్ అసిస్టెంట్‌ది తిరుత్తణి వైపు. తెలుగు బాగానే మాట్లాడేవాడు. నేను అందరికంటే చిన్నవాణ్ణి. ఐదో మనిషి దారి చూపే గైడు. కింది లోయలోని గ్రామస్థుడు, యాభై దాటినవాడు. వేసవిలో గొర్రెలు కాస్తాడు, చలికాలంలో మా సామాను మోస్తాడు. అతణ్ణి చాచా అని పిలిచేవాళ్లం. అతనికి హిందీ వచ్చు. తెలుగు రాదు.

రెండో వారంలో ఆదేశం వచ్చింది. మంచు కరిగేలోగా ప్రతి జట్టూ మూడు రోజుల స్కీ యాత్ర ఒకటి పూర్తి చేయాలి. ఎక్కడికి వెళ్లాలన్నది జట్టు నాయకుడి ఇష్టం. సాయంత్రం ఆరుగంటలకల్లా గమ్యం తెలియజేయాలి.

పటంలో రెండు చోట్లు కనిపించాయి. ఒకటి పోస్టుకు తూర్పున ఉన్న విశాలమైన పల్లం. మూడు వైపులా ఏటవాలు, మధ్యలో చదును. మేము దాన్ని ‘గిన్నె’ అనేవాళ్లం. దాని అంచున గొర్రెల కాపరుల రాతి గుడిసె ఉంది. నాలుగు గంటల దారి. రెండోది పడమటి లోయ. ఇరుకు, దూరం, నిండా భూర్జ చెట్లు. ఏడు గంటల దారి.

హవల్దార్ బంకర్‌లో పటం పరిచి నా వైపు చూశాడు.

“ఏమప్పా, తిరుపతి కాలేజీలో డిబేట్లు గెలిచినోడివంట గదా. నువ్వూ, ఈ రేడియో వాడూ వాదించుకోండి. ఎవురు గెలిస్తే ఆడికే పోదాము.”

“నిజంగానా ఉస్తాద్?”

“నిజం గాక? ఈడ సినిమా హాలేమన్నా ఉండాదా? పొద్దు పోవాల గదా.”

నర్సింగ్ అసిస్టెంట్ రెండు అగ్గిపుల్లలు తీసి ఒకదాన్ని తుంచాడు. పొట్టి పుల్ల వచ్చినవాడు గిన్నె పక్షాన మాట్లాడాలి. నాకు పొట్టిది వచ్చింది. చెరి మూడు నిమిషాలు. హవల్దార్ గడియారం పట్టుకున్నాడు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. నా సొంత అభిప్రాయం చెట్ల లోయ వైపే ఉంది. కారణం చిన్నదే. ముసలి చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయంటే అక్కడ చాలా ఏళ్లుగా మంచు జారలేదని అర్థం. కానీ కాలేజీలో నేర్చిన మొదటి నియమం: నీకు వచ్చిన పక్షమే నీ పక్షం. ఎదుటివాడి వాదాన్ని వాడికి అందించకూడదు.

రేడియో ఆపరేటర్ ముందు మాట్లాడాడు. “చెట్ల లోయలో గాలి కొట్టదప్పా. పుల్లలు దొరకతాయి. నీళ్లుండాయి. ఇంకేం గావల్ల మడిసికి?” ఒక నిమిషానికే ఆగిపోయాడు. “అంతే ఉస్తాద్. నోటితో రాదు నాకు. సెట్టు ఇయ్యండి, దాంట్లో చెప్తా.”

అందరూ నవ్వారు. చెట్ల గురించిన అసలు మాట అతనికి తట్టలేదు. నాకు తెలుసు. నేను అందించలేదు.

లేచి నిలబడి మూడు నిమిషాలూ వాడుకున్నాను. దూరం సగం. ఇరుకు లోయలో రేడియో పలకదు, ఆరుబయట పలుకుతుంది. పొగమంచు వస్తే చెట్ల మధ్య దారి తప్పుతాం. గిన్నెలో వెదురు జెండాలు పాతుకుంటూ పోతే తప్పము. తలదాచుకోవడానికి గుడిసె ఉంది. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అదే ఇప్పటికీ నన్ను వేధించే సంగతి.

“గెలిచినాడబ్బా పుత్తూరోడు!” అని హవల్దార్ తొడ చరిచాడు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. మూలన బూట్లకు నూనె రాసుకుంటున్న చాచా కూడా నవ్వి చప్పట్లు కొట్టాడు. అందరం తెలుగులో మాట్లాడుకున్నాం. అతనికి ఒక్క మాట అర్థం కాలేదు. పాట పాడాననుకున్నాడేమో.

మరునాడు ఉదయం ఆరుగంటలకు బయలుదేరాం. అప్పటికే గమ్యం పై అధికారులకు తెలియజేశారు. గిన్నె వైపు తిరిగినప్పుడు చాచా ఒకసారి ఆగి, “అటా?” అన్నాడు. “ఆర్డర్,” అన్నాడు హవల్దార్. చాచా తల ఊపి ముందుకు కదిలాడు. పదిన్నరకు గిన్నె వాలు దాటడం మొదలుపెట్టాం. దారి గుర్తుకు ముప్పై అడుగులకు ఒకటి చొప్పున పదకొండు వెదురు జెండాలు అడ్డంగా పాతాను. అంచు చేరి, ఒక కన్ను మూసి చూశాను. నూలు పట్టినట్టు ఒకే గీత. నాకు గర్వం కలిగింది.

గుడిసె వాలు అవతల చిన్న గుట్ట మీద ఉంది. మధ్యాహ్నం ఎండ కాసింది. ఉష్ణోగ్రత సున్నాకు పైన నాలుగు. మంచు మెత్తబడింది. నాలుగు గంటలకు మేము టీ తాగుతుండగా చాచా గుడిసె బయట మోకాళ్ల మీద కూర్చుని చెవిని మంచుకు ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఏమిటని అడిగాను. “నీళ్లు,” అన్నాడు. నేనూ చెవి పెట్టాను. లోతున ఎక్కడో, పక్క గదిలో ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఉంది. మాటలు తెలియడం లేదు. కానీ ఆగడం లేదు.

మరునాడు ఉదయం ఐదు నలభైకి బయటికి వచ్చాను. ఆకాశం బూడిద రంగు. గాలి లేదు. జెండాల వైపు చూశాను. ఏదో తేడా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు. ఒక కన్ను మూసి మళ్లీ చూశాను.

వరస వంగింది.

రెండు కొసల జెండాలూ పాతిన చోటే ఉన్నాయి. మధ్యలోవి కిందికి దిగాయి. ఆరో జెండా మూరెడు దిగింది. ఒక్కటీ పడలేదు, ఒరగలేదు. మంచు మీద పగులు లేదు, అడుగు జాడ లేదు. మేము నిద్రపోతుండగా ఎవరో వచ్చి, ఒక్కొక్క జెండానూ పీకి, జాగ్రత్తగా కాస్త కింద నాటి వెళ్లినట్టు ఉంది.

హవల్దార్‌ను పిలిచాను. చూశాడు. “నువ్వే వంకరగా పాతినావేమో సూడు.”

“లేదు ఉస్తాద్. నిన్న కన్ను పెట్టి చూసినాను.”

నర్సింగ్ అసిస్టెంట్ గొంతు తగ్గించాడు. “కొండ నడస్తా ఉండాది తంబీ.”

ఎవరూ నవ్వలేదు. అప్పుడు హవల్దార్ చాచా వైపు తిరిగి హిందీలో అడిగాడు, ఏం చేద్దామని. ఆ యాత్రలో అతణ్ణి మొదటిసారి అడిగింది అప్పుడే. చాచా చెప్పాడు: వెనక్కి వేరే దారి లేదు. ఎండ తగలక ముందే దాటాలి. ఒక్కొక్కరుగా. ముందు నేను.

ఆరు పదికి చాచా వాలు మీదికి అడుగుపెట్టాడు. నడుముకు ఎర్ర తాడు కట్టుకున్నాడు. మంచులో కూరుకుపోతే వెతకడానికి అది ఆనవాలు. మేము నలుగురం గుట్ట మీద నిలబడ్డాం. ఒకటో జెండా. రెండు. మూడు. అతను స్కీలను ఎత్తకుండా, నిద్రపోయే బిడ్డను దాటినట్టు జరుపుకుంటూ పోయాడు. నాలుగు. ఐదు. ఆరో జెండా దగ్గర ఆగాడు.

అతని తల పైన ఒక నల్లని గీత తెరుచుకుంది. శబ్దం లేదు. వాలు మొత్తం ఒక్క పలకగా కదలడం మొదలైంది. చాచా నిలబడే ఉన్నాడు. జెండాలు నిలబడే ఉన్నాయి. నిటారుగా, అదే ఎడంతో, మధ్యలో ఒక మనిషితో, ఆ వరస ఊరేగింపులా కిందికి వెళ్లింది. అతను మా వైపు తల తిప్పి చూశాడు. అరవలేదు. మేమూ అరవలేదు. ఆ తర్వాత పలక విరిగింది, చప్పుడు అప్పుడు వచ్చింది.

మంచు ఆగేసరికి ఆరు పదమూడు. వాలు మీద తెల్లదనం లేదు. పసుపు పచ్చని పొడుగు గడ్డి, తడిసి, దువ్విన జుట్టులా కిందికి పడుకుని ఉంది. మేము దాని మీదనే జారుకుంటూ దిగాం. ఎర్ర తాడు కొస రెండు మూరలు బయట ఉంది. పారలతో ఎనిమిది నిమిషాలు తవ్వాం. ముఖం నీలం. ఊపిరి ఉంది. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది.

“పుత్తూరోడా, రా!” అని నర్సింగ్ అసిస్టెంట్ కేక వేశాడు. “మీ ఊరి కట్టు ఎట్ల గడతారో సూపీ.”

దేశమంతటా విరిగిన ఎముకలు మా ఊరికి వస్తాయి. ఆ వీధుల్లోనే పెరిగాను. కట్టు కట్టడాన్ని వేలసార్లు చూసి ఉంటాను. పటాలంలో ఎవరు కాలు మెలిపెట్టుకున్నా నన్నే పిలిచేవాళ్లు. నేనూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆ ఉదయం మూడు నిమిషాలు మాట్లాడమన్నా మాట్లాడగలిగేవాణ్ణి.

“నాకు రాదన్నా,” అన్నాను. “చూసినానే గాని, నాకు రాదు.”

అతను కాలి దగ్గర మోకరించాడు. “సరే. అయితే ఈ మడమ పట్టుకో. కదలనీయొద్దు.” మంచులోంచి రెండు జెండాలు పీకి, వెదురును పగలదీసి, అతనే కట్టాడు. రేడియో ఆపరేటర్ సెట్టు తెరిచాడు. “కంట్రోల్, ఇది స్కీ జట్టు. ఒకరికి కాలు విరిగింది. మనిషి బతికే ఉన్నాడు. ఓవర్.” గిన్నెలో రేడియో స్పష్టంగా పలికింది. నా వాదంలో ఆ అంశం కూడా నిజమే.

నాలుగు స్కీలు కలిపి కట్టి బండిగా లాగాం. నేను తల వైపు నడిచాను. సగం దారిలో చాచా కళ్లు తెరిచాడు.

“బేటా, మొన్న బంకర్‌లో అంతసేపు ఏం మాట్లాడావు? నేను కూడా చప్పట్లు కొట్టాను.”

చెప్పాను. అగ్గిపుల్లతో మొదలుపెట్టి అంతా చెప్పాను. చెట్ల సంగతి నాకు తెలిసీ చెప్పలేదని కూడా చెప్పాను.

“గడ్డి గురించి ఎవరూ మాట్లాడలేదా?”

“లేదు చాచా.”

“ఆ గడ్డి మీద వానొస్తే నా గొర్రెలే జారతాయి,” అని కళ్లు మూసుకున్నాడు. నిందించలేదు. నిందించి ఉంటే సమాధానం చెప్పడం నాకు తెలుసు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు పోస్టు చేరాం. కొన్ని నెలలకు చాచా మళ్లీ నడిచాడు, కొంచెం కుంటుతూ. మా సామాను మళ్లీ మోయలేదు.

పటాలంలో నా నాలుగేళ్ల సర్వీసు పూర్తయ్యాక తిరుపతిలో రైలు దిగి పుత్తూరు బస్సెక్కాను. పక్క సీటులో చేతికి కట్టు వేయించుకోవడానికి వెళ్తున్న పెద్దాయన. “మీది పుత్తూరేనా నాయనా? ఎన్నాళ్లకు అతకతాది ఇది?” అని అడిగాడు. తెలియదన్నాను. ఆ తర్వాత మా కాలేజీ వాళ్లు ఒకసారి డిబేట్‌కు న్యాయనిర్ణేతగా పిలిచారు. పిల్లలు పక్షాల కోసం చీటీలు తీస్తున్నారు. ఈ గదిలో మన భాష రానివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. తమాషాకు అడిగాననుకుని నవ్వారు.

వడమాలపేట దగ్గర రోడ్డు పక్కన టమోటా మళ్లు ఉన్నాయి. మొక్కలకు ఊతంగా పాతిన కర్రలు సూటిగా వరసలు కట్టి ఉంటాయి. నేల చదును. కింద గట్టి ఎర్రమట్టి. అక్కడ ఏదీ కదలదు, నాకు తెలుసు. అయినా ఆ దారిన వెళ్లిన ప్రతి ఉదయం బండి ఆపుతాను. వరస కొసన నిలబడి, ఒక కన్ను మూసి, మధ్య కర్ర దాకా చూస్తాను. అక్కడ ఎవరో నిలబడి, నా వైపు తల తిప్పుతున్నట్టే ఉంటుంది.