సైరన్ మోగితే బయటికి

ఆ బడిలో నేను ఆరేళ్ళు పనిచేశాను. గుణింతాలు, ఎక్కాలు, జిల్లా సరిహద్దులు, పద్యాలు అన్నీ చెప్పాను. వాటిలో పిల్లలకు ఎన్ని ఒంటబట్టాయో నాకే నమ్మకం లేదు. ఒక్క పాఠం మాత్రం అందరికీ వచ్చింది. సైరన్ మోగితే చేతిలో ఏముంటే అది కింద పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి రావాలి. అది బెత్తం పట్టుకుని నేర్పాను.

రెండు వేలు దాటిన తొలి సంవత్సరాలవి. ఊరు అడవి అంచున, ఇంకా సరిగ్గా చెప్పాలంటే అడవి పోగా మిగిలిన చోట ఉండేది. బొగ్గు కోసం పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని ఏటేటా ఊరి వైపు జరిగి, నేను చేరేనాటికి బడి వెనక పత్తిచేల దాకా వచ్చేసింది. రోజూ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో గనిలో బ్లాస్టింగ్ చేసేవారు. దానికి ముందు సైరన్ వేసేవారు. అది వినగానే బడి ఖాళీ చేసి, రోడ్డుకు అవతల ఇప్పచెట్ల కింద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాలి. భూమి అదిరి, దుమ్ము లేచి, అది అణిగాక రెండో సైరన్ వేస్తారు. అప్పుడు లోపలికి వెళ్ళవచ్చు.

నేను బొగ్గు టౌనులో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. సొంత ఇల్లు, ఇంటాయన ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. శనివారం సాయంత్రం బస్సెక్కితే ఆదివారం ఒక్కరోజు ఇంటి ముఖం చూసేదాన్ని. మిగతా రోజులు షేర్ ఆటోలో పదిమంది మధ్య నలిగి, బొగ్గు లారీల వెనక దుమ్ము మింగుతూ బడికి చేరేసరికే నాలో ఉన్న ఓపిక సగం అయిపోయేది. మిగిలిన సగంతో ఐదు తరగతులు.

బడికి ఉన్నవి రెండు గదులు. ఒకటి కప్పు పెచ్చులూడి తాళం పడింది. రెండో గదిలోనే అందరూ. పెద్దసారు, నేను, ఇద్దరమే టీచర్లం. సారు నెలలో సగం రోజులు మండలాఫీసుకు కాగితాలు మోసేవారు, మిగతా సగం ఆ మోసిన అలుపు తీర్చుకునేవారు. ఆయన్ని అనుకుని ఏం లాభం. నేనూ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఒకటో తరగతి వాళ్ళు కొట్టుకుంటుంటే లేచి విడిపించాలా, వాళ్ళే అలిసిపోయి ఆగుతారా అని లెక్కలు వేసుకున్న రోజులున్నాయి.

గదిలో నాలుగు గోడలకూ నెర్రెలు ఉండేవి. గని వాళ్ళు వచ్చి, నెర్రెల మీద అడ్డంగా వేలెడంత గాజు పట్టీలు సిమెంటుతో అతికించి పోయారు. గాజు పగిలితే నెర్రె పెరుగుతున్నట్టు గుర్తు. మొత్తం ఏడు పట్టీలు. వాళ్ళు మళ్ళీ ఎప్పుడొచ్చి చూస్తారో తెలియదు కాని, పిల్లలు మాత్రం రోజూ చూసేవారు. పొద్దున రాగానే సంచి కూడా దించకుండా గోడల వెంట ఒక చుట్టు తిరిగేవారు. నేను హాజరు పిలుస్తుంటే "వచ్చిన టీచర్" అనడానికి బదులు "టీచర్, ఇయ్యాల నాలుగోది పలిగింది" అనేవారు.

ఒకసారి పైనుంచి ఒక అధికారి వచ్చారు. పిల్లలకు బడి మీద ఇష్టం ఎందుకు లేదని నన్నే అడిగారు. నేను గోడ చూపించాను. ఆయన తలూపి, గది ఆకర్షణీయంగా ఉండాలని, రంగు బొమ్మలు వేయించమని రాసి వెళ్ళారు. నెల తిరక్కముందే పెయింటర్ వచ్చి చిలక, మామిడిపండు, గాంధీ తాత కళ్ళజోడు, అన్నీ వేశాడు. చిలక కడుపు మీద అడ్డంగా గాజు పట్టీ ఉండిపోయింది. తర్వాతి వారానికి చిలక కూడా పగిలింది. నవ్వుకున్నాను కాని, ఆ నవ్వులో పస లేదు.

పిల్లలు కూర్చునే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. బోర్డు ఎదురుగా బోలెడంత జాగా ఖాళీగా ఉండేది. ముప్పై మంది పిల్లలూ గుమ్మం దగ్గర ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చునేవారు. సంచులు భుజానికే ఉండేవి. కేకలేసి ముందుకు జరిపితే, అరగంటలో మళ్ళీ ఎప్పుడు జరిగారో తెలియకుండా గుమ్మం దగ్గరికి చేరేవారు. మొదటి రెండేళ్ళూ దాన్ని నేను అల్లరి అనే అనుకున్నాను. చదువు మీద శ్రద్ధ లేదు, వీళ్ళు బాగుపడరు అని వాళ్ళ ఎదుటే అన్నాను. చెవులు సైరన్ మీద, కళ్ళు గోడ మీద పెట్టుకుని కూర్చున్న పిల్లలు పాఠం ఎలా వింటారన్న ఆలోచన నాకు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అదే పిల్లలు ఇప్పచెట్ల కింద వేరేగా ఉండేవారు. సైరన్‌కూ సైరన్‌కూ మధ్య అరగంట. సంచులు దించేవారు. లోపల అడగని ప్రశ్నలు అక్కడ అడిగేవారు. బొగ్గు కింద ఏముంటది టీచర్, దాని కింద ఏముంటది, దాని కింద? నేను చెప్పులు విడిచి బండ మీద కూర్చుని, తోచింది చెప్పేదాన్ని. నిజం చెబితే ఆ సైరన్ కోసం వాళ్ళకన్నా నేనే ఎక్కువ ఎదురు చూసేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నమే ఐదో తరగతి పిల్ల ఒకతె నా కంట పడింది. ఐదేళ్ళుగా నా ముందే ఉన్న పిల్ల కంట పడడమేమిటని ఎవరైనా అడగవచ్చు. గదిలో ఆ పిల్ల నోరు తెరవదు. చదవమంటే పుస్తకం పట్టుకుని గోడ వైపు చూస్తుంది. రాయమంటే మూడు అక్షరాలు రాసి ఆగుతుంది. మొద్దు అని ఒక మూల రాసిపెట్టుకున్నాను. ఆ రోజు చెట్టు కింద, నేను మిర్చి బజ్జీలు తిని పడేసిన పేపరు ముక్క తీసి, నూనె మరకల మధ్య అక్షరాలు ఒక్కటీ వదలకుండా, ఖమ్మం మార్కెట్‌లో ఆ రోజు మిర్చి ధర ఎంతో, నిన్నటికన్నా ఎంత తగ్గిందో గడగడా చదివి పక్కపిల్లలకు వినిపించింది. తర్వాత రోజు లెక్కలు ఇచ్చి చూశాను. మట్టిలో పుల్లతో గీసి చేసేసింది. మూడో రోజు నా దగ్గర ఇవ్వడానికి లెక్కలు మిగల్లేదు.

ఐదు అయ్యాక ఆ ఊళ్ళో ఆడపిల్లకు చదువు లేదు. పెద్దబడికి పోవాలంటే బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు నడవాలి. ఇక ఉన్నది గురుకులం ప్రవేశ పరీక్ష ఒక్కటే. పాసైతే హాస్టల్లో ఉండి పది దాకా చదువుకోవచ్చు. ఐదో తరగతి చదివే ఏడాదే రాయాలి, తప్పితే మళ్ళీ లేదు. వాళ్ళ నాన్న గని దగ్గర టిప్పర్ మీద పని, అమ్మ మిరపతోటల్లో కూలి. ఫారం మీద సంతకం కోసం వెళ్తే ఆ తల్లి నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెప్పింది.

"టీచరమ్మా, మా ఊరు గనిల పోతదంటున్నరు. మేము ఏడికి పోతమో ఎర్కలేదు. ఇది ఒక్కతన్న ఒక్క జాగల కుదురుగ ఉండి చదువుకోని."

ఆమె అన్నట్టే రెండేళ్ళకు ఊరు లేచిపోయింది. చండ్రుగొండ వైపు కొందరు వెళ్ళారని విన్నాను, మిగిలిన వాళ్ళు ఎటు పోయారో తెలియదు. ఆ రోజు మాత్రం నేను ఆమెకు మాట ఇచ్చి వచ్చాను. ఆరేళ్ళలో ఒక్క పిల్లనైనా ఒడ్డుకు చేరిస్తే నేనూ టీచర్నే అనిపించుకుంటానన్న ఆశ నాకూ ఉంది.

మూడు నెలలు ఇప్పచెట్ల కిందే చదివించాను. లోపల కూర్చోబెట్టి రాయించాలని చూశాను కాని, చూపు గోడ మీది నుంచి దిగేది కాదు. పోనీలే, పరీక్ష రాసే చోట నెర్రెలు ఉండవు కదా అనుకున్నాను.

ఆ మధ్యలోనే ఒక సంగతి జరిగింది. సైరన్ మోగి అందరం బయటికి వచ్చాక, రెండో తరగతి పిల్ల ఒకతె పలక మర్చిపోయానని మళ్ళీ లోపలికి పరుగెత్తింది. నేను వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చేలోపే పేలుడు అయింది. పిల్ల కూర్చునే చోట పెద్ద పెచ్చు ఊడి పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. భయం ఎటు పోవాలో తెలియక నాకు కోపమై వచ్చింది. చెట్టు కింద అందరి ముందూ ఆ చిన్నపిల్లను బెత్తంతో కొట్టాను. కాళ్ళ మీద వాతలు తేలాయి. లోపల ఏమున్నా, ఎవరు పిలిచినా, వెనక్కి చూస్తే ఇదే గతి అన్నాను. ముప్పై మందీ గుడ్లప్పగించి చూశారు. ఆ తర్వాత ఒక్కరూ వెనక్కి చూడలేదు.

పరీక్ష ఆదివారం పడింది. నేను ఇంటికి పోలేదు. మిరపకాయలు కోతకు వచ్చాయి, తల్లికి కూలి మానే వీలు లేదు. నేనే వెళ్ళి పిల్లను షేర్ ఆటోలో టౌనుకు తీసుకొచ్చాను. తల్లి పిల్ల తలకు నూనె పెట్టి, రిబ్బన్లు కట్టి, ఉతికిన యూనిఫాం వేసి పంపింది. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, టౌనులోని పెద్ద బడిలో. కొత్తగా సున్నం వేసిన గది, బెంచీలు, ఫ్యాన్లు. గుమ్మంలో నిలబడి పిల్ల నాలుగు గోడలూ చూసి వచ్చింది.

"గాజులు లేవు టీచర్," అంది. మొదటిసారి ఒక గదిని చూసి ఆ పిల్ల నవ్వడం చూశాను.

తోడొచ్చిన వాళ్ళందరినీ గేటు బయటికి పంపేశారు. నేను నీడలో కూర్చుని గోలీసోడా తాగాను. పక్కన ఎవరో తల్లిదండ్రులు సీట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. రెండున్నర దాటాక గనిలో రెండో షిఫ్టు వాళ్ళను పిలిచే సైరన్ మోగే ఉంటుంది. మోగే ఉంటుంది అంటున్నానంటే, నేను వినలేదు. ఆ టౌనులో ఆరేళ్ళు బతికిన మనిషికి ఆ సైరన్ వినపడదు. కాసేపటికి గేటు సందులోంచి చూస్తే, ఖాళీ మైదానం మధ్యలో ఎండలో ఒక పిల్ల మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది. ఎవరి పిల్లో పాపం అనుకున్నాను. తర్వాత రిబ్బన్లు చూశాను.

వాచ్‌మెన్‌ను తోసుకుని లోపలికి పరుగెత్తాను. గదిలో డ్యూటీ చేస్తున్న సారు వరండాలోకి వచ్చారు. పిల్ల ఉన్నట్టుండి పెన్ను బల్ల మీద పెట్టి లేచిందట. ఏందమ్మా అని పిలిచినా తిరిగి చూడలేదట. మధ్యలో బయటికి పోయినవాళ్ళను మళ్ళీ రానిచ్చే రూలు లేదట. నేను గని గురించి, బ్లాస్టింగ్ గురించి, గోడల గురించి ఒగరుస్తూ చెప్పాను. చేతులు కూడా జోడించాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. అంతా విన్నాడు.

"షిఫ్టు సైరన్ మేడం అది. ఊరంతటికి తెలుసు. పిల్లను మళ్ళ రానిస్తే రేపు నా నౌకరి పోతది," అన్నాడు. కాగితం అప్పటికే కవర్లో పెట్టేశారు. పిల్ల బల్ల మీద వదిలేసిన పెన్సిల్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను వచ్చి పిల్ల పక్కన నేల మీద కూలబడ్డాను. తిట్టాలని నోటి దాకా వచ్చింది. ఏమని తిట్టను? పిల్ల మాత్రం నింపాదిగా ఉంది. ముప్పై ఎనిమిది రాసిందట, ఇంక పన్నెండే ఉన్నాయట. రెండో సైరన్ కాగానే పోయి రాస్తానంది. ఆ పన్నెండూ నోటికి చెప్పడం మొదలుపెట్టింది. ఒకటి రైలు లెక్క, ఒకటి చెరువు లోతు లెక్క. ప్రశ్నలు కూడా గుర్తున్నాయి. ఆ టౌనులో రెండో సైరన్ ఉండదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జవాబులు వింటూ కూర్చున్నాను. ఒక్కటీ తప్పు లేదు.

నాలుగు కొట్టాక బెల్లు మోగింది. గదుల తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలంతా అరుచుకుంటూ బయటికి వస్తుంటే, మా పిల్ల రెండో సైరన్ విన్నట్టే లేచి లంగా దులుపుకుని, వాళ్ళకు ఎదురుగా గది వైపు నడిచింది. నేను వెనక నుంచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అయిపోయిందమ్మా. ఇంక రాయనివ్వరు."

అర్థం కావడానికి ఆ పిల్లకు కొంచెం సేపు పట్టింది. ఏడవలేదు. వస్తున్న పిల్లల్ని చూసింది, నా మొహం చూసింది, నా రెండో చేతి వైపు చూసింది. ఆ చేతిలో ఆ రోజు బెత్తం లేదు, పిల్ల పెన్సిల్ డబ్బా ఉంది.

"నేను జల్దీనే వచ్చిన కద టీచర్," అంది.

"అవునమ్మా, అందరికన్నా జల్దీ వచ్చావు," అన్నాను.