మా చెమ్మ బావ

ఈ లోకంలో ఏదైనా ఆరిందంటే మా బావ నమ్మేవాడు కాదు. ఆయన గడ్డి గోదాము నడిపే రోజుల్లో చేతిలో ఎప్పుడూ ఒక మీటరు, దాని చివర మూరెడు ఇనపపుల్ల. గడ్డి కట్టలో గుచ్చితే లోపల నూటికి ఎంత తేమ ఉందో చెప్పేది. ఆయన దగ్గరే పనిచేసిన బావమరిదిని కాబట్టి అన్నీ కళ్లారా చూశాను. తలగడ గుచ్చాడు. రొట్టె గుచ్చాడు. తీగ మీద ఆరేసిన నా కొత్త చొక్కానీ వదల్లేదు. ఊరంతటికీ ఆయన చెమ్మ బావే.

"పైన కరకరలాడుతోంది కదా బావా!" అంటే మండిపడేవాడు.

"పైన చూసి మురిసిపోకురా. నడుమ పచ్చిగా ఉంటే లోలోపలే వేడెక్కి బూజు పడుతుంది. ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది. ఇంకోచోట గుచ్చు!"

ఒక్కో కట్టకి ఆ చివర, ఈ చివర, నడుమ గుచ్చాల్సిందే. బండివాళ్లు విసుగెత్తి బండి కిందే కునుకు తీసేవారు.

పోనీ ఆ మీటరునైనా నమ్మాడా? అబ్బే! పిడికెడు గడ్డి తూచి, మా అక్క ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచేవాడు. తగ్గిన బరువంతా తేమేనని లెక్క.

"నా కేకులన్నీ పశువుల పాక వాసనే!" అని అక్క గోల.

"మీటరు తప్పు చెబితే పట్టుకునేది నీ ఓవెనేనే! దాని విలువ నీకేం తెలుసు?"

కాస్త తేడా వచ్చినా ఆ పూట ఆయనకి భోజనం సయించేది కాదు. ఇప్పటికీ ఎండుగడ్డి వాసన తగిలితే ఆ వంటిల్లు గుర్తొచ్చి నాకు ప్రాణం లాగేస్తుంది.

ఒక ఏడాది మబ్బు పట్టిందని మా ఊరి పాలావిడ తొందరపడి గడ్డి ఆరకముందే కట్టించేసింది. మొగుడు పోయాక ఆవులే ఆవిడకి ఆధారం. ఆ గడ్డి పాడైతే వాటికి చలికాలం మేత లేదు. అలాగని ఎవరి దగ్గరా ఊరికే గడ్డిపరక కూడా పుచ్చుకునే రకం కాదు.

"ఏదీ, మీ పుల్ల పెట్టి చూడండి అన్నయ్యగారూ" అంది. గొంతులో బెరుకు దాగలేదు.

బావ గుచ్చాడు. ఇరవై ఎనిమిది! పదిహేను దాటితేనే కొంపలంటుకున్నట్టు అరిచే మనిషి. ఇంకో కట్ట గుచ్చాడు. ముప్ఫై. ఇక ఆవిడ పని అయిపోయిందనుకున్నాను.

"పదమూడు" అన్నాడు తాపీగా, మీటరు ఆవిడకి కనపడకుండా తిప్పుకుని.

నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు.

"బంగారంలాంటి గడ్డి చెల్లెమ్మా! గుర్రాలు పెంచే ఆయనొకడు ఇలాంటిదే కావాలని నా ప్రాణం తీస్తున్నాడు. నా కట్టలు తీసుకుని ఇవి ఇచ్చెయ్యి."

"అబ్బ, ఆశ! మంచిదంతా మీకేనా?" అంది గానీ ఆవిడ ముఖం వెలిగిపోయింది. బాగా బతిమాలించుకుని ఒప్పుకుంది. పైగా రెండు కట్టలు కొసరు కూడా లాగింది.

ఆ కట్టలన్నీ విప్పి మా వరండాలో, మెట్ల మీద, చివరికి అక్క పడగ్గదిలోనూ పరిచాం. అక్క తిట్టని తిట్టు లేదు.

"నిజం చెబితే పోయేదిగా బావా?" అన్నాను తుమ్ముతూ.

"చెబితే నా గడ్డి ముట్టుకునేదా? నోరు మూసుకుని ఆ మూల తిరగెయ్యి."

ఆ తర్వాత ఏళ్ల తరబడి పాలావిడ ఎవరు దొరికితే వాళ్లకి బావ ఎదుటే చెప్పేది. "గడ్డి ఎండబెట్టడం నన్ను చూసి నేర్చుకోండి. అన్నయ్యగారంతటివారే బతిమాలి పట్టుకెళ్లారు!"

బావ బుద్ధిగా తలూపేవాడు.

"నిజమే చెల్లెమ్మా. అలాంటి గడ్డి నా సర్వీసులో మళ్లీ చూడలేదు."

అందులో మాత్రం రవ్వంత అబద్ధం లేదు.