పెద్ద కత్తి అంటే ఎంత

మొన్న తిరుపతిలో దర్జీ దుకాణంలో రవిక కోసం కూర్చుని ఉంటే, ఆయన కుట్టుమిషన్‌కు నూనె వేశాడు. ఆ వాసనకు చెంగల్రాయులు సార్ గుర్తొచ్చారు. సార్ వకీలు. తొమ్మిదేళ్లు ఆయన దగ్గర టైపిస్టుగా పనిచేశాను. చంద్రగిరిలో ఆయన ఇంటి ముందుగది గోడంతా పాత కత్తులే. పిడికి వెండితీగ చుట్టినవి, వేటకు వాడినవి, ఒర పోగొట్టుకున్నవి. ఆదివారం పూట వాటిని ఒక్కొక్కటే దించి, మెత్తటి గుడ్డతో కుట్టుమిషన్ నూనె పట్టించేవారు. అంతేగానీ ఎవరి మీదా కత్తి ఎత్తిన మనిషి కాదు. ఇంట్లో టెంకాయ కొట్టాలన్నా భార్యకే ఇచ్చేవారు.

పెద్ద కత్తులు ఇళ్లలో ఉంచుకోవడంపై నిబంధనలు బిగిస్తూ ఒక ఏడాది ప్రభుత్వ ముసాయిదా బయటికొచ్చింది. సార్ లాంటి కత్తుల పిచ్చి ఉన్నవాళ్లు మా చుట్టుపక్కల పదిమంది దాకా ఉండేవాళ్లు. వాళ్లందరికీ గుబులు పట్టుకుంది. సార్ ఆ ముసాయిదాను నా చేత పైకి చదివించారు.

“ఆడ ఆపు. పెద్ద కత్తి అంటే ఎంతని రాసినారు?”

“రాయలేదు సార్. ‘అధికారి పెద్దదిగా భావించినది’ అని ఉంది.”

“సూసినావా? టెంకాయలు కొట్టేవాని మచ్చుకత్తి కూడా దీంట్లోకే వస్తాది. ముందు పేర్లు రాసుకుంటారు, తర్వాత ఇంటికొస్తారు.”

అభ్యంతరాల లేఖను నా చేత నాలుగుసార్లు తిరగరాయించారు. కాగితంలో ఏం రాయకుండా వదిలారో వెతకడం నాకు అప్పుడే అలవాటయింది. ఆ రోజుల్లో ఆయనకు ప్రతి మనిషీ అనుమానమే. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన అతన్ని కూడా గడప దాటనివ్వలేదు. గోడ మీది కత్తులు బీరువాలోకి వెళ్లిపోయాయి. ఆ అనుమానం నాకూ అంటుకుంది.

అలాంటప్పుడు నగరి నుంచి కుమరేశ అనే అతను ఆఫీసుకు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మరమగ్గాలు బాగుచేస్తాడట. సార్ దగ్గర ఎన్ని కత్తులున్నాయి, ఇంకా ఎవరెవరి దగ్గర ఉన్నాయి, ఫొటోలు తీసుకోవచ్చా అని వరసగా అడిగాడు.

“నిన్ను ఎవురు పంపినారప్పా?” అన్నారు సార్.

“ఎవురూ లేదు సార్. మా తాత కత్తి ఒకటి ఉండాది. అట్లాంటిది ఇంకెవురి దగ్గరైనా ఉండాదేమో సూద్దామని.”

“యాడుండాది? తెచ్చినావా?”

“బస్సులో తెచ్చేదానికి భయమేసింది సార్.”

“నా దగ్గర కత్తులు లేవు. పోయిరా,” అన్నారు సార్. కుమరేశ తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

మూడు నెలల తర్వాత ఒక కేసు పని మీద సార్, నేను నగరి వెళ్లాం. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే కుమరేశే గుర్తుపట్టి ఇంటికి పిలిచాడు. సార్ ఇష్టం లేకుండానే బయలుదేరారు. ఇంట్లో అతని తల్లి వంకాయలు తరుగుతోంది. ఆమె చేతిలోది చూసి సార్ చెయ్యి చాపారు. వంటింటి కత్తే. కానీ దాని వెన్ను మీద సగంలో తెగిపోయిన పూలతీగ చెక్కడం ఉంది.

“మీ తాతదేనా?”

“అవును సార్. ఇంత పెద్దది ఇంట్లో ఉంటే కేసైతాదని అమ్మ ఏడ్సింది. కమ్మరి దగ్గర ముక్కలు చేయించి రెండు చిన్న కత్తులు కొట్టించినాను. దాన్ని ఏం చేసేదని ముందు మిమ్మల్ని అడుగుదామని వస్తే పొమ్మన్నారు. తిరుపతిలో ఇంకో ఇద్దరి దగ్గరికి పోతే, నువ్వు పోలీసుల మనిషివని మొగం మీదనే తలుపేసినారు.”

సార్ ఆ చెక్కడాన్ని చాలాసేపు వేలితో తడిమారు. “తప్పు నాదప్పా,” అన్నారు. ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

తిరుగు బస్సు పుత్తూరు దాటాక నెమ్మదిగా అడిగారు. “పోలీసుల మనిషని నేనెవురికీ సెప్పలేదే. నువ్వేమన్నా సెప్పినావామ్మా?”

చెప్పింది నేనే. అతను వచ్చి వెళ్లిన సాయంత్రమే, ఇతను పోలీసుల మనిషని, చీటీలోని నంబరుతో సహా, కత్తులున్న సార్ స్నేహితులందరికీ ఫోన్‌లో సందేశం పంపాను. ఆధారం ఏమీ లేదు. సార్‌ను కాపాడుతున్నాననుకున్నాను.

“లేదు సార్,” అన్నాను.

“సరేమ్మా,” అని కిటికీ వైపు తిరిగారు.

ముసాయిదా ఏమయిందో తేలకముందే సార్ పోయారు. అచ్చులో ఉన్న అక్షరాన్ని కూడా నమ్మని ఆ మనిషి, ఆ రోజు నా మాటను నమ్మారో, తెలిసే ఊరుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.