నీళ్లు తాగిన బండి

పోయిన ఆదివారం మా మేనత్త చనిపోయింది. చర్చికి తయారై, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కూలబడిపోయిందట. నాన్న ఫోన్ పెట్టేసి, "అక్క పోయింది" అని ఒక్క మాట అన్నాడు.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒక బంద్ రోజు పొద్దున గుర్తొచ్చింది. అందుకే రాస్తున్నాను.

అత్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడవాళ్లకు కారు నేర్పేది. వనస్థలిపురంలో మా పక్క వాటాలోనే ఉండేది. ఆమె పాత తెల్ల కారు తరచూ మొరాయించేది. అప్పుడల్లా నన్ను పిలిచేది. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి జారుకునేదాన్ని నేను. జర గట్టిగా మాట్లాడమని అందరూ అనేవారు. అత్త ఒక్కసారీ అనలేదు. "చెవులు ముందు, చేతులు తర్వాత. ఎట్ల మూలుగుతుందో చెప్పు బిడ్డా" అనేది. నేను చెప్పేదాకా బానెట్ ఎత్తేది కాదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బంద్ అనగానే ముందురోజే ఇంటింటా డబ్బాలు నిండేవి. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో పెట్రోలు. నా డిగ్రీ ప్రవేశ పరీక్ష రోజే బంద్ వచ్చింది. పరీక్ష వాయిదా పడలేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లోని పరీక్ష కేంద్రానికి చేరకపోతే నాకు ఏడాది పోయినట్టే.

నాన్న పొద్దున్నే లేచి, అరుగు మీది డబ్బా ఎత్తి అత్త కారులో ఒంపాడు. అత్త తాళం తిప్పగానే కారు స్టార్టయింది. వీధి మలుపు దాకా పోయి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఎదురింటి అంకుల్ లుంగీ ఎగగట్టి వచ్చాడు. "బ్యాటరీ అయిపోయుంటుందండీ. తోసేద్దాం రండి."

అత్త హారన్ నొక్కింది. వీధి మొత్తం అదిరింది. "గింత గట్టిగ మొత్తుకుంటుంటే బ్యాటరీ యాడ పోయిందన్నా?"

నాన్న గడియారం చూసుకుంటున్నాడు. అత్త మాత్రం కొంగు నడుముకు చెక్కుకుని, "ఉన్నయన్నీ ఒక్కొక్కటి తీసెయ్యాలె బిడ్డా. మిగిలిందే రోగం" అంది. ఆ మాట ఆమె దగ్గర చాలాసార్లు విన్నాను. అయినా ఆ రోజే అర్థమైంది. తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోంది, కాబట్టి బ్యాటరీ కాదు. ప్లగ్గు వైరు ఊడదీసి ఇనుముకు దగ్గరగా పెడితే నీలం నిప్పురవ్వ ఎగిరింది, కాబట్టి కరెంటూ కాదు.

"మొదాల ఎట్లయింది?" అని నన్ను అడిగింది.

"ముందు బాగానే లేచింది అత్తా. తర్వాత దగ్గింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు."

"అంటే లోపల పాత పెట్రోలు ఉన్నంతసేపు నడిచింది. కొత్తది రాంగనే ఆగింది." ఆమె కళ్లు మెరిశాయి. పెట్రోలు పైపు ఊడదీసి, దాని కింద జామ్ సీసా పట్టుకోమని నాకు ఇచ్చింది. నాన్న తాళం తిప్పాడు. పైపులోంచి చిమ్మింది. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాను. పైన పలచని రంగు. కింద తేటగా, ఏ రంగూ లేకుండా. మధ్యలో గీత గీసినట్టు.

"నీళ్లు! అత్తా, నీళ్లు!" వీధిలో అందరూ నా వైపు తిరిగారు. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

అత్త నాన్న వైపు చూసింది. "తమ్మీ, బండికి దూపయితుందని తాపినవా?"

"రెండు డబ్బాలు ఒక్క తీరే ఉన్నయక్కా..." అన్నాడు నాన్న, ఎటు చూడాలో తెలియక. ఎదురింటి అంకుల్ నవ్వాపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ట్యాంకు కింది బిరడా విప్పి మొత్తం ఖాళీ చేశాం. అత్త పైపు ఊది, కార్బురేటర్ తుడిచింది. రెండో డబ్బాను ఈసారి ముగ్గురం వాసన చూశాకే ఒంపాం. కారు ఒక్క ఉదుటున లేచింది. నేను గంతేశాను. చీర మీది గ్రీజు మరకలు కూడా చూసుకోకుండా అత్త గేరు వేసింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పు. పొయ్యి మీద పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. గరిటె పట్టుకున్న ఒకతను అడ్డొచ్చి, "బంద్ అని తెల్వదా పెద్దమ్మా? బండి ఆపు" అన్నాడు.

"ఆపితే మళ్ల లేస్తదో లేదో! పరీక్షకు పోయే బిడ్డ ఉంది, జర తొవ్వియ్యుండ్రి."

"అయితే జై తెలంగాణ అను."

"మీరు పుట్టకముందు సంది అంటనే ఉన్న. జరుగుండ్రి!"

అందరూ గొల్లుమన్నారు. ఇద్దరు ఉడుకుతున్న గుండిగనే ఎత్తి పక్కకు పెట్టారు.

గేటు మూసే వేళకు చేరాం. అత్త ఇంజన్ ఆపలేదు, దిగనూ లేదు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "ఉరుకు, ఉరుకు!" అంది.

పరిగెత్తి, హాల్లో నా చోట కూర్చున్నాను. ఎప్పుడూ చెవులు పగిలే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రోజు ఒక్క బండి చప్పుడూ లేదు. ఒక్కటే వినిపిస్తోంది. అత్త కారు. ఫస్ట్ గేరు. సెకండ్. థర్డ్. ఎక్కడా దగ్గకుండా, ఖాళీ రోడ్డు పొడుగునా ఇంటి వైపు వెళ్లిపోతోంది.