చిన్నాయన దాటిన వెదురు పుల్లలు

మొన్న కడప బస్సులో నా పక్కన కూర్చున్న డాక్టరు ఒకాయన, నిద్రజ్వరం తగిలి లేచిన కొందరికి మెదడు లోలోపలి భాగాలు చెడిపోతాయనీ, ఆపైన చేతులు వాటంతటవే ఆడుతూ కాళ్ళు మాత్రం రమ్మన్నా రావనీ, అలాంటివారే నేలమీద అడ్డంగా గీతలుంటే చక్కగా నడుస్తారనీ, అందులో నటన ఏమీ ఉండదనీ మామూలుగా చెప్పి, తన ఊరు రాగానే దిగిపోయాడు.

రాజంపేటకు ఆమడ దూరంలో మాది నేతగాళ్ళ ఊరు. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు పోగులు పరిచి గంజి పట్టించడం, పులిసిన ఆ గంజి వాసన, నూలును దువ్వే కుంచెల చప్పుడు, పడుగు తొక్కబోయిన మేకను అదిలించే జేజి గొంతు నా యీడు వారికి గుర్తుండే ఉంటాయి. మద్రాసులో ఓవర్సియరు చదువు చదివే రోజుల్లో నాకు ఇల్లంటే ఇవే.

మా నాయన తమ్ముడు, చిన్నాయన, ఆ వీధిలో అందరికన్నా సన్నని బట్ట నేసినవాడు. నిద్రజ్వరంతో నెలన్నర పడుకుని లేచాక రెండేళ్ళలో ఆయన ముఖం కదలడం మానేసింది. బొటనవేలూ చూపుడువేలూ తెగిన పోగును అతుకుతున్నట్టు పొద్దస్తమానం పేనుకుంటూనే ఉండేవి. గడప దాకా వచ్చి గుంజలా నిలబడిపోయేవాడు. "వేళ్ళకు పనుండాది, మనిషికే లేదు" అని ఇరుగుపొరుగు నవ్వేవారు. మందులూ తాయెత్తులూ అయిపోయాక ఆయన్ను కన్న జేజినాయన ఒకటే మాట అన్నాడు, జబ్బని తేలితే కూర్చోబెట్టి అన్నం పెడతాననీ, దొంగయాసమైతే మగ్గం గుంతలోకి దించి నేయిస్తాననీ.

సెలవులకు వచ్చిన నేను, ఒక పొద్దున పడుగు ఎత్తేసిన చోట, పోగుల మధ్య దూర్చే వెదురు పుల్లలు వరసగా పడి ఉంటే, వాటి మీదుగా చిన్నాయన ఒక్కొక్కటే దాటుకుంటూ వీధి చివరి దాకా పోవడం చూశాను. నోటుబుక్కు తెచ్చుకుని మూడు రోజులు కొలతలు తీశాను. పుల్లల మధ్య పదహారు అంగుళాలుంటే నడుస్తాడు, ఆరు అంగుళాలుంటే తడబడతాడు, రెండు అడుగులుంటే నిలబడిపోతాడు, పుల్లలు తీసేస్తే అసలు కదలడు. కనిపెట్టానన్న గర్వంతో నాలుగోరోజు వీధివాళ్ళందరినీ పిలిచి, పుల్లలు పేర్చి, చిన్నాయనను నడిపించి చూపించాను.

"ఏమప్పా, పుల్లలుంటే కాళ్ళొచ్చాయి, మగ్గం కాడికి పోదామంటే రావా?" అన్నాడు జేజినాయన.

చిన్నాయన మాట బయటికి రావడానికి శానాసేపు పట్టింది. "పుల్లలుంటే కాళ్ళకు దావ తెలుస్తాది నాయనా. లేకుంటే తెలీదు."

"మాకు తెల్వని దావ నీ కాళ్ళకు తెల్సిందే" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెడిపోయిన యంత్రం పుల్లలున్న చోట మాత్రం బాగుపడదని నా చదువు నాకు చెప్పింది. దొంగయాసమేనని తేల్చి, దాన్ని వదిలించడానికి కడ్డీ కాల్చి రెండు పిక్కలకూ మూడేసి వాతలు పెట్టారు. అప్పుడు కాళ్ళు కదలకుండా పట్టుకున్నవాణ్ణి నేనే. పట్టుకోవలసిన పని లేకపోయింది, అవి కదలలేదు. మరునాడు మగ్గం గుంతలోకి దించారు. అంతవరకూ ముద్దలు కలిపి పెట్టిన చిన్నమ్మ కూడా "చేతులుండాయి గదా" అని పళ్ళెం ముందు పెట్టి వెళ్ళిపోయింది.

వారం తిరిగాక, కొలత ఒకటి సరిచూసుకుందామని, గుంతలోంచి పైకి వచ్చి ఎండలో నిలబడిపోయిన చిన్నాయన ముందు మళ్ళీ పుల్లలు పేర్చాను. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాడు. ఆ తరువాత ఎవరు పుల్లలు పెట్టినా కళ్ళు మూసుకునేవాడు. వానలు రాకముందే పోయాడు.

ఇప్పుడు పడుగు ఎక్కడో చుట్టించుకుని తెచ్చుకుంటున్నారు. మా వీధి ఖాళీ అయింది, బండ్లు తిన్నగా పోతున్నాయి, మేకలను అదిలించేవారు లేరు. ఆ వీధి మళ్ళీ వస్తే ఎంత బాగుండునని నా తోటివారు అంటుంటారు. నేనూ ఊఁ కొడతాను గాని, మనసు మాత్రం వద్దంటుంది. ఆ వీధి తిరిగి వస్తే, కళ్ళు మూసుకుని ఎండలో నిలబడ్డ చిన్నాయన కూడా అందులోనే ఉంటాడు.